వానకు చోటు చూపిన ఇంజినీర్: మోక్షగుండం విశ్వేశ్వరయ్య



సెప్టెంబర్ 15 ఇంజినీర్స్ డే. ప్రతి ఏడాదిలాగే మన పిల్లలు తెల్ల తలపాగా, కోటు, కళ్లజోడు ఉన్న ఒక పెద్దాయన బొమ్మ గీసి చార్టులు తయారుచేస్తారు. ఆయన పేరు అడిగితే టక్కున విశ్వేశ్వరయ్య అంటారు. ఏం కట్టారని అడిగితే మైసూరు దగ్గరి కృష్ణరాజసాగర్ డ్యాం పేరు చెబుతారు. మన అనంతగిరి గుట్టల మీద పడే వానతో ఆయనకున్న సంబంధం మాత్రం చాలామంది పిల్లలకు తెలియదు. పెద్దవాళ్లలో కూడా తెలిసినవాళ్లు తక్కువే. అందుకే ఈ నెల ‘మహనీయులు’ శీర్షికలో ఆయన జీవితాన్ని ఆ వాన వైపు నుంచి చూద్దాం.

వాన చుట్టూ అల్లుకున్న కథలు

ఉరుము ఉరిమితే అర్జునుడి పది పేర్లు చదవమని మన ఇళ్లల్లో నానమ్మలు, అమ్మమ్మలు నేర్పిస్తారు. వానలు పడకపోతే ఊళ్లో పిల్లలు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లి ఆట ఆడుతూ ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రతి ఇంటివాళ్లూ బిందెతో నీళ్లు తెచ్చి ఆ కప్ప మీద పోస్తారు. గుడిలో విరాటపర్వం చదివిస్తే వాన పడుతుందని నమ్మకం. రామాయణంలో ఋష్యశృంగుడు అడుగుపెట్టగానే కరువుతో ఎండిన అంగదేశంలో వానలు కురిశాయి. తాన్‌సేన్ మేఘ మల్హార్ పాడితే మబ్బులు కమ్ముకున్నాయంటారు. పై తరగతుల పిల్లలకు ఇంగ్లిష్ కథల్లో షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ పరిచయం అవుతుంది. అందులో ప్రాస్పెరో అనే మాంత్రికుడు మంత్రబలంతో సముద్రంలో తుపాను పుట్టిస్తాడు.

దేశమేదైనా, కాలమేదైనా ఈ కథలన్నింటి వెనుక ఒకటే కోరిక ఉంది. వాన మన మాట వినాలి. రమ్మంటే రావాలి, పొమ్మంటే పోవాలి.

మన గుట్టలకూ ఒక కథ ఉంది. దేవతల తరఫున యుద్ధం చేసి అలసిపోయిన ముచుకుందుడు ఒక గుహలో నిద్రపోయాడని, కాలయవనుడిని శ్రీకృష్ణుడు ఆ గుహలోకే రప్పించాడని పురాణం చెబుతుంది. ఆ గుహ అనంతగిరిలోనే ఉందని ఇక్కడివాళ్ల నమ్మకం. ఆ ముచుకుందుడి పేరు మీద ఇక్కడ పుట్టిన నదిని ముచుకుందా నది అన్నారు. అదే మూసీ.

అనంతగిరి దగ్గర పడిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పు వైపు జారిన నీళ్లు మూసీలో కలిసి హైదరాబాద్ మీదుగా పోతాయి. పడమటి వైపు జారినవి కాగ్నాలో కలిసి తాండూరు మీదుగా భీమా నదికి చేరతాయి. చివరికి రెండూ కృష్ణమ్మ ఒడికే చేరతాయి. అంటే వికారాబాద్, తాండూరు పిల్లలు నీళ్లు మొదలయ్యే చోట పెరుగుతున్న పిల్లలు. ఈ మాట గుర్తుపెట్టుకుని ముందుకు వెళదాం.

తెలుగు ఇంటి అబ్బాయి

విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబర్ 15న మైసూరు రాజ్యంలో, చిక్కబళ్లాపూర్ దగ్గరి ముద్దేనహళ్లిలో పుట్టారు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మ. వాళ్ల పూర్వీకులది ఆంధ్రప్రదేశ్‌లోని గిద్దలూరు ప్రాంతానికి చెందిన మోక్షగుండం గ్రామం. ఊరు వదిలి వెళ్లినా ఊరి పేరు ఇంటిపేరుగా నిలిచింది. ఇంట్లో మాట్లాడే భాష తెలుగే.

చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో మేనమామ అండతో చదువుకున్నారు. సెంట్రల్ కాలేజీలో బి.ఏ. చదివే రోజుల్లో చిన్న పిల్లలకు ట్యూషన్లు చెప్పి ఖర్చులు గడుపుకున్నారు. 1881లో డిగ్రీ పూర్తయింది. మైసూరు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పూనా సైన్స్ కాలేజీలో ఇంజినీరింగ్ చేరి, 1883లో మొదటి ర్యాంకుతో బయటికొచ్చారు. మరుసటి ఏడాదే బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్ శాఖలో అసిస్టెంట్ ఇంజినీర్ ఉద్యోగం వచ్చింది.

ఉద్యోగంలో ఆయనకు మొదటి పరీక్ష పెట్టింది వానే. ఖాందేశ్ ప్రాంతంలో ఒక నదికి అడ్డంగా పైపు సైఫన్ వేసే పని అప్పగించారు. వర్షాకాలం వచ్చింది. వరద వచ్చిన ప్రతిసారీ తవ్విన చోట ఇసుక నిండేది. వానలు తగ్గాక చేద్దామని కుర్ర ఇంజినీర్ పైవాళ్లకు రాశారు. వాళ్లకు అది నచ్చలేదు. దాంతో ఆయన మళ్లీ పనిలోకి దిగి, వరదల మధ్యనే ఆ పని పూర్తిచేశారు. నది ఎప్పుడు పొంగుతుంది, ఎంత పొంగుతుంది, ఎన్ని రోజులకు తగ్గుతుంది అన్నది పుస్తకంలో కాకుండా ఒడ్డున నిలబడి నేర్చుకున్న పాఠం అది.

తనంతట తానే తెరుచుకునే గేటు

ఆ తర్వాత సింధు నది ఒడ్డున సుక్కూరు పట్టణానికి మంచినీళ్లు అందించారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా డ్యాం దగ్గర ఆయనకు ఒక సమస్య ఎదురైంది. వానలు బాగా పడిన ఏడాది చెరువు నిండి మిగతా నీళ్లు మత్తడి దుంకి వృథాగా పోతున్నాయి. ఎండాకాలం వచ్చేసరికి పూనాలో నీళ్లు చాలడం లేదు. డ్యాం ఎత్తు పెంచాలంటే బోలెడు ఖర్చు. పైగా పాత గోడ ఆ బరువును మోస్తుందో లేదో తెలియదు.

విశ్వేశ్వరయ్య గోడ జోలికి పోలేదు. మత్తడి మీద ఆటోమేటిక్ గేట్లు పెట్టారు. నీళ్లు ఒక మట్టం వరకు ఆగుతాయి. ఆ మట్టం దాటితే నీటి బలంతోనే గేట్లు వాటంతటవే తెరుచుకుంటాయి. మట్టం తగ్గగానే మళ్లీ మూసుకుంటాయి. అర్ధరాత్రి వరద వస్తే పరిగెత్తుకెళ్లి గేటు ఎత్తే మనిషి అవసరం లేదు. 1903 ప్రాంతంలో అమర్చిన ఈ గేట్లకు ఆయన పేరు మీద పేటెంట్ ఉంది. తర్వాత గ్వాలియర్ దగ్గర తిగ్రా డ్యాంలోనూ, కృష్ణరాజసాగర్‌లోనూ ఇదే పద్ధతి వాడారు.

1908లో ఆయన బొంబాయి ప్రభుత్వ ఉద్యోగం నుంచి ముందుగానే విరమణ తీసుకుని విదేశీ పర్యటనకు వెళ్లారు. అదే ఏడాది మన మూసీ ఉగ్రరూపం చూపించింది.

1908 సెప్టెంబర్

సెప్టెంబర్ చివర్లో బంగాళాఖాతం మీద అల్పపీడనాలు ఏర్పడటం మామూలే. వేడెక్కిన సముద్రం మీది గాలి తేమను మోసుకుని పైకి లేస్తుంది, పైన చల్లబడి మబ్బుగా, వానగా మారుతుంది. కొన్నిసార్లు ఈ అల్పపీడనం వాయుగుండంగా బలపడి తీరం దాటి లోపలికి, దక్కన్ పీఠభూమి దాకా వస్తుంది. ఆ ఏడాది వచ్చింది అలాంటిదే. శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాల వాన నమోదైంది. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే రెండు రోజుల్లో 480 మిల్లీమీటర్లు. హైదరాబాద్‌లో ఏడాది మొత్తం పడే సగటు వానలో సగానికంటే ఎక్కువ.

ఈ అంకె పిల్లలకు అర్థం కావాలంటే ఒక లెక్క చేయించండి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్లు. 100 గజాల డాబా అంటే దాదాపు 84 చదరపు మీటర్లు. దాని మీద 480 మిల్లీమీటర్లు పడితే సుమారు 40 వేల లీటర్లు. అంటే ఎనిమిది 5 వేల లీటర్ల ట్యాంకర్లు ఒక్క డాబా మీద గుమ్మరించినట్టు.

నగరానికి ఎగువన మూసీ, ఈసీ నదుల పరీవాహక ప్రాంతంలో అప్పట్లో 788 చెరువులు ఉండేవి. దాదాపు చదరపు మైలుకు ఒకటి చొప్పున. మన పెద్దలు వాటిని గొలుసుకట్టుగా కట్టారు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండుతుంది. మామూలు వానలకు ఇంతకంటే మంచి ఏర్పాటు లేదు. కానీ పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. అదీ తెగుతుంది. ఆ రెండు రోజుల్లో 221 చెరువులు తెగాయి. ఎక్కువ భాగం ఈసీ వైపు.

సెప్టెంబర్ 28న ఆ నీళ్లు హైదరాబాద్ మీద పడ్డాయి. అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. పురానాపూల్ ఒక్కటే నిలబడింది. సుమారు 15 వేల మంది చనిపోయారని, 80 వేల మంది దాకా ఇళ్లు కోల్పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ పార్కులోని ఒక చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది.

అప్పటి పాలకుడు ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్. నది శాంతించాలని ఆయన ఒడ్డుకు వచ్చి మూసీకి పట్టుచీర, బంగారం, ముత్యాలు సమర్పించి హారతి ఇచ్చారని పాత నగరంలో నేటికీ చెప్పుకుంటారు. ముస్లిం ప్రభువు హిందూ పద్ధతిలో నదికి మొక్కాడని ఈ కథను ప్రేమగా తలుచుకుంటారు. ప్రజల దుఃఖంలో పాలుపంచుకున్న రాజుగా జనం ఆయన్ని గుర్తుంచుకున్నారు.

ఆ కథ అంతటితో ఆగిపోతే మనకు మిగిలేది ఒక మొక్కు మాత్రమే. కానీ ఆగలేదు. మళ్లీ ఇలాంటి వాన వస్తే ఏం చేయాలో చెప్పగల మనిషి కోసం నిజాం ప్రభుత్వం వెతికింది. ఇటలీలో ఉన్న విశ్వేశ్వరయ్యకు కబురు వెళ్లింది.

హైదరాబాద్‌లో కొద్ది నెలలు

పర్యటన ముగించుకుని 1909 ఏప్రిల్‌లో ఆయన హైదరాబాద్ వచ్చి పని మొదలుపెట్టారు. వరద వచ్చి అప్పటికి ఆరు నెలలు దాటింది. శిథిలాలు తొలగించడం, ఇళ్లు కట్టడం వేరేవాళ్లు చేస్తున్నారు. ఆయన ముందున్న ప్రశ్న వేరు. అసలు ఎంత నీళ్లు వచ్చాయి? అంతకంటే పెద్ద వాన వచ్చే అవకాశం ఉందా? వస్తే ఆ నీళ్లు ఎక్కడ నిలబడాలి?

ఈ మూడు ప్రశ్నలకూ జవాబు నగరంలో దొరకదు. అందుకే ఆయన నగరం వదిలి ఎగువకు చూశారు. వానల రికార్డులు చాలకపోతే పొరుగు రాష్ట్రాల లెక్కలు తెప్పించారు. నదుల వాలు, వెడల్పు కొలిపించారు. గోడల మీద వరద వదిలిన గుర్తులు చూసి నీళ్లు ఎంత ఎత్తున పారాయో తేల్చారు. ఏ చెరువు తెగింది, ఏది నిలిచింది అని లెక్క తీయించారు. పైన చెప్పుకున్న 788, 221 అనే అంకెలు ఆ లెక్కల్లోవే.

మూసీకి గోడలు కట్టి నగరం లోపలే వరదను బంధించవచ్చని ఎవరికైనా తోస్తుంది. కానీ అంత నీళ్లను పట్టే కాలువ నగరం మధ్య కుదరదు. విశ్వేశ్వరయ్య సూచన ఇది: నగరానికి కొన్ని మైళ్ల ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి, రెండు పెద్ద జలాశయాలు కట్టాలి. పెద్ద వరద వస్తే ముందు అవి నిండాలి. నగరంలో నది ఎంత మోయగలదో అంతే కిందికి వదలాలి. వరద ఆగదు, కానీ నెమ్మదిస్తుంది. ఒక్క రోజులో పడాల్సిన దెబ్బ చాలా రోజుల మీద పంచుకుపోతుంది. దీంతోపాటు నది ఒడ్డులను ఎత్తు చేసి, వాటి వెంట రోడ్లు, తోటలు వేయాలన్నారు. నగరానికి మురుగునీటి కాలువల పథకం కూడా ఇచ్చారు.

అక్టోబర్ 1909 నాటికి రిపోర్ట్ అందించారు. నవంబర్‌లో మైసూరు చీఫ్ ఇంజినీర్ పదవి చేపట్టడానికి వెళ్లిపోయారు. అంటే మన దగ్గర ఆయన ఉన్నది ఏడు నెలలే.

మహబూబ్ అలీ ఖాన్ 1911లో మరణించారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో, అలీ నవాజ్ జంగ్ వంటి స్థానిక ఇంజినీర్ల చేతుల మీదుగా ఆ ఆలోచన రూపం దాల్చింది. గండిపేట దగ్గర మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వరద ఆపడానికి కట్టిన ఆ రెండు చెరువులే దశాబ్దాల పాటు హైదరాబాద్ దాహం తీర్చాయి.

కృష్ణుడు చేసిన పని, ఇంజినీర్ చేసిన పని

గోవర్ధనగిరి కథ మన పిల్లలందరికీ తెలుసు. ఇంద్రుడు కోపంతో ఏడు రోజులు రాళ్లవాన కురిపిస్తే కృష్ణుడు కొండను చిటికెన వేలి మీద ఎత్తి గోకులాన్ని కాపాడాడు. ఆ కథను కాస్త జాగ్రత్తగా గమనించండి. కృష్ణుడు వానను ఆపలేదు. వాన తగ్గేదాకా మనుషులకూ ఆవులకూ క్షేమంగా ఉండే చోటు చూపించాడు.

విశ్వేశ్వరయ్య కూడా ఒక్క చుక్క వానను ఆపలేదు. ఎప్పుడు పడాలో చెప్పలేదు. పడుతుందని ఒప్పుకున్నారు. పడిన నీళ్లకు చోటు చూపించారు. మంత్రానికీ శాస్త్రానికీ తేడా ఇక్కడే ఉంది. మంత్రం వానను మార్చాలనుకుంటుంది. శాస్త్రం వానను కొలిచి, మన ఏర్పాట్లను మార్చుకోమంటుంది. నదికి హారతి ఇచ్చినందుకు ఎవరినీ తక్కువ చేయనక్కర్లేదు. హారతి ఇచ్చిన చేత్తోనే కొలబద్ద కూడా పట్టుకుంటే చాలు.

చివరి రోజుల దాకా పని

ఆ తర్వాతి జీవితం పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుందాం. 1911లో కావేరి మీద కృష్ణరాజసాగర్ పని మొదలైంది. 1912 నుంచి 1918 వరకు ఆయన మైసూరు దివాన్. ఆ కాలంలోనే మైసూరు బ్యాంకు, మైసూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. హైదరాబాద్ ప్రభుత్వం తర్వాతి ఏళ్లలో కూడా ఆయన సలహా తీసుకుంది. 1930ల చివర్లో ఒడిశాలో మహానది వరదల మీద రిపోర్ట్ ఇచ్చారు. అప్పటికి ఆయన వయసు 75 దాటింది. 1955లో భారతరత్న వరించింది. నూరేళ్లు దాటాక, 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు.

ఆయన మీద కూడా ఇప్పుడు చాలా కథలు తిరుగుతున్నాయి. రైల్లో కూర్చుని చక్రాల చప్పుడు విని ముందున్న పట్టా విరిగిందని చెప్పి రైలు ఆపించారనేది వాటిలో ఒకటి. పిల్లలు ఆ కథను చాలా ఇష్టపడతారు. కానీ ఆయన్ని అలా మాంత్రికుడిగా మార్చేస్తే పిల్లలు చప్పట్లు కొడతారే తప్ప తామూ అలా కాగలమని అనుకోరు. చెరువులు లెక్కపెట్టడం, గోడ మీది వరద గుర్తును టేపుతో కొలవడం, తేదీ వేసి రాసుకోవడం మన పిల్లల్లో ఎవరైనా చేయగలరు. ఆయన గొప్పతనంలో ఎక్కువ భాగం ఆ మామూలు పనుల్లోనే ఉంది.

మనం ఎందుకు గుర్తుంచుకోవాలి

2020 అక్టోబర్ 13న బంగాళాఖాతం నుంచి వచ్చిన తీవ్ర వాయుగుండం హైదరాబాద్‌ను మళ్లీ ముంచింది. మీలో చాలామందికి ఆ రాత్రి గుర్తుండే ఉంటుంది. జలాశయాలు తమ ఎగువన పడిన నీళ్లను పట్టగలవు. వాటికి దిగువన, నగరం మీదే పడిన నీళ్లకు నాలాలూ, చెరువులూ చోటు ఇవ్వాలి. ఆ చోటు మనం ఆక్రమిస్తే నీళ్లు మన ఇంట్లోకే వస్తాయి.

మనం ఎగువన ఉన్నాం కాబట్టి ఇది నగరం సమస్య అనిపించవచ్చు. 1908 చెప్పిన పాఠం అందుకు వ్యతిరేకం. నగరాన్ని ముంచిన నీళ్లలో ఎగువ చెరువుల కట్టలు తెగి వచ్చిన నీళ్లూ ఉన్నాయి. మన ఊరి చెరువు కట్ట గట్టిగా ఉందా, మత్తడి దారి తెరిచి ఉందా, వాగులో ప్లాట్లు వెలిశాయా అన్నది మన పిల్లలకూ, కింద ఉన్న లక్షల మంది పిల్లలకూ సంబంధించిన విషయం. ఇప్పుడు మన క్లాసుల్లో కూర్చున్నవాళ్లే రేపు ప్లాటు కొనేవాళ్లు, అనుమతి ఇచ్చేవాళ్లు, రోడ్డు వేసేవాళ్లు. నీళ్ల దారి చూసి సంతకం పెట్టాలన్న అలవాటు చిన్నప్పుడే రావాలి.

ఈ నెల ఇంట్లో పిల్లలతో

1. వానమాపకం చేయండి. నిలువుగా ఉండే ప్లాస్టిక్ సీసా పైభాగం కోసి, గరాటాలా తలకిందులుగా అందులోనే పెట్టండి. అడుగున వంపు ఉంటే గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి అక్కడ సున్నా గుర్తు పెట్టండి. పక్కన స్కేలు అంటించండి. చెట్లకూ గోడలకూ దూరంగా పెట్టి, రోజూ ఉదయం 8.30కి కొలిచి రాయించండి. వాతావరణ శాఖ కూడా అదే సమయానికి కొలుస్తుంది.

2. అంకెకు అర్థం చెప్పండి. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5 లేదా అంతకు మించితే అత్యంత భారీ. శంషాబాద్‌లో 1908లో ఒక్క రోజు పడింది సుమారు 325.

3. ఒక ఆదివారం మీ ఊరి చెరువు దగ్గరికి తీసుకెళ్లండి. మత్తడి ఎక్కడుంది, అక్కడి నుంచి నీళ్లు ఎటు పోతాయి, చివరికి మూసీలో కలుస్తాయా కాగ్నాలోనా అని పిల్లలతోనే మ్యాప్ గీయించండి. పిల్లలు నీళ్లలోకి దిగకుండా దగ్గరుండి చూసుకోండి.

4. అర్జునుడి పేర్లు తప్పకుండా నేర్పండి, భయం తగ్గుతుంది. దాంతోపాటు మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టడం నేర్పండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ఈ లెక్క ఇంట్లో కూర్చున్నాకే. ఉరుము వినిపిస్తే చాలు, పిడుగు పడే దూరంలో ఉన్నట్టే. పొలంలో ఉన్నా, గ్రౌండ్‌లో ఉన్నా చెట్టు కిందికి కాకుండా పక్కా భవనంలోకి వెళ్లాలని చెప్పండి.

పిల్లలు రాసిన వాన లెక్కల పుస్తకాలను సెప్టెంబర్ నెలాఖరుకు క్లాస్ టీచర్‌కు పంపండి. వికారాబాద్, తాండూరు బ్రాంచీల లెక్కలు పక్కపక్కన పెట్టి, ఒకే గుట్టకు రెండు వైపులా ఎంత తేడాగా వాన పడిందో వచ్చే సంచికలో చూద్దాం.